గడ్డికి ట్యాంకరు, గరికకు గునపం

గేటెడ్ కమ్యూనిటీ లాన్‌ను తేలిగ్గా చూడకండి. మనుషుల్లో కూడా అందరికీ దక్కని మర్యాద దానిది. పశువు మేయకూడదు, పిల్లలు ఆడకూడదు, పెద్దలు నడవకూడదు. అంచున బోర్డు, పక్కనే విజిల్‌తో వాచ్‌మన్. గడ్డి తినేవాళ్లకు ఏనాడూ కొదవలేని దేశంలో, ఎవరూ తినడానికి వీల్లేని గడ్డిని ఎకరాల లెక్కన పెంచడం చిన్న ఘనత కాదు.

హైదరాబాద్ పడమటి శివార్లలో అలాంటి ఒక కాలనీలో మొన్న దీని మీదే జనరల్ బాడీ మీటింగు జరిగింది. కారణం నీళ్ల బిల్లు. పరిచింది మెక్సికన్ గ్రాస్. మే ఎండలకు చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లు వేసుకున్నా ఎకరానికి 20 వేల లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు రెండు. పై అంతస్తుల్లో కుళాయిలు గాలి కక్కుతున్నా కింద స్ప్రింక్లర్లు ఆగవు. కృష్ణా, గోదావరి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పడి వస్తున్నది వీటి కోసమేనాయె.

రిటైరైన వ్యవసాయాధికారి ఒకాయన లేచి, "గరిక వేద్దాం" అన్నారు.

"గరికా? మాలికి జీతమిచ్చి పీకిస్తున్నది దాన్నే కదండీ!" అన్నారు సెక్రటరీ గారు.

నిజమే. ఫుట్‌పాత్ పగుళ్లలోంచి పిలవకుండా వచ్చే గడ్డికి విలువేముంటుంది? చవితి ముందురోజు మాత్రం అదే గరికను బేరమాడి కట్ట కొంటారు. దేవుడికి చాలినది క్లబ్‌హౌస్‌కు చాలాలని ఎక్కడుంది?

పెద్దాయన ఊరుకోలేదు. నేల మీద తీగ, నేల లోపల మరో తీగ, రెండు దారుల్లో పాకుతుంది కాబట్టి తొక్కినా తేరుకుంటుందన్నారు. నాటుకున్నాక రోజూ పైపైన చిలకరించకండి, ఆగి ఆగి లోతుగా తడపండి, వేళ్లు కిందికి దిగుతాయన్నారు. నీడ మాత్రం దానికి పడదు, చెట్ల కింద ఎండుటాకులు పరిచి వదిలేయమన్నారు. వాలు ఉన్నచోట మట్టి జారకుండా వట్టివేరు పెట్టమన్నారు. అందరూ శ్రద్ధగా విన్నారు, పకోడీలు వచ్చేదాకా.

"కానీ అమెరికాలో..." అని అందుకున్నారు కోశాధికారి. మామూలుగా మన సభల్లో ఈ మాట తర్వాత చర్చ ఉండదు. ఈసారి ఉంది. నెవాడా రాష్ట్రం 2021లో చట్టం చేసింది: 2027 నుంచి లాస్ వేగాస్ ప్రాంతంలో రోడ్ల మధ్య, ఆఫీసుల ముందు, కాలనీల ఉమ్మడి స్థలాల్లో ఊరికే చూడ్డానికి పెంచే గడ్డికి కొలరాడో నది నీళ్లు పెట్టకూడదు. లాన్ పీకేసుకుంటే అక్కడి నీటి సంస్థ ఎదురు డబ్బులిస్తోంది. టెక్సస్‌లో అయితే, కరువుకు తట్టుకునే తోటను కాలనీ సంఘాలు అడ్డుకోరాదని 2013లోనే చట్టం తెచ్చారు. ఆ ధైర్యంతోనే డాలస్‌లో కోశాధికారి గారబ్బాయి ఆ నేలలో పుట్టిన బఫెలో గ్రాస్ వేసుకున్నాడట. కొడుకు అక్కడ స్థానికం, తండ్రి ఇక్కడ మెక్సికన్.

గరిక నెగ్గేదే. నీళ్లు అందకపోతే ఎండాకాలం గోధుమరంగుకు తిరిగి, తొలకరికి మళ్లీ పచ్చబడుతుందని పెద్దాయన ఉన్నమాట చెప్పి పాడుచేశారు.

"మేలో ఫ్లాట్లు చూడ్డానికొచ్చేవాళ్లు ఏమనుకుంటారు?"

కాలిఫోర్నియాలో కరువొచ్చినప్పుడు ఎండిన లాన్లకు పచ్చరంగు కొట్టించుకున్నారని ఎవరో గుర్తుచేశారు. సభ ఊపిరి పీల్చుకుంది. రంగుకు కొటేషన్లు పిలవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. రంగు మీద దుమ్ము పడితే కడగడానికి వారానికో ట్యాంకరు అదనం.