ఎనభై రెండు మార్కుల దవడ

పిల్లల పళ్ళకి క్లిప్పులు వేయించబోతున్న తల్లిదండ్రులు ఒక్క మాట వినండి. మా అమ్మాయి ఎత్తుపళ్ళ పుణ్యమా అని ఏడాదిగా ఎక్స్‌రే సెంటర్ల మెట్లు ఎక్కి దిగుతున్నవాణ్ణి నేను. డాక్టర్లు చదువుకున్నవాళ్ళే, కాదనను. కానీ బిల్లు కట్టేది మనం.

ముందు నగల సంగతి. ఓపీజీ అని ఒకటి తీస్తారు. మిషను తల చుట్టూ తిరిగి రెండు దవడల్నీ ఒకే పొడుగాటి బొమ్మలో చూపిస్తుంది. దానికి పిల్లని పేరంటానికి పంపినట్టు ముస్తాబు చేసి తీసుకెళ్ళండి. అక్కడి కుర్రాడు "చెవులవీ మెడలోవీ తీసేయండి సార్" అంటాడు. తీయకండి. పోతే పూచీ ఎవరిది? మేం తీయలేదు. ఫిల్ములో కుడి జుంకీ కుడివైపు తళతళా మెరిసింది. అదే జుంకీ ఎడమవైపు ఇంకాస్త పైన, మసగ్గా, సాగదీసినట్టు మళ్ళీ కనబడింది. కిరణం కొద్దిగా కిందనుంచి పైకి వస్తుందట, అందుకని అవతలి చెవి నగ నీడ ఇవతల ఎత్తులో పడుతుందట. దాన్ని వాళ్ళు దయ్యం బొమ్మ అంటారు. రెండో చెవిదీ అంతే. జత జుంకీలకి నాలుగు వచ్చాయి, లాభమే కదా అన్నాను. కుర్రాడు నవ్వలేదు. జుంకీల కింద వెనక దవడ కనబడటం లేదని మళ్ళీ తీశాడు.

నిలబడే పద్ధతి కూడా మనమే నేర్పుకోవాలి. మిషనులో చిన్న ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది, దానికో గాడి. ముందుపళ్ళు సరిగ్గా ఆ గాడిలో పెట్టి కొరకాలి అంటాడు. వినకండి. గాడి దాటి ముందుకి కొరికితే ముందుపళ్ళు ఫిల్ములో సన్నగా, నాజూగ్గా వస్తాయి. గాడికి వెనకే ఆగిపోతే లావెక్కుతాయి. ఏది కావాలో మీరే ఆలోచించుకోండి. గడ్డం బాగా దించి నిలబడితే పళ్ళ వరుస మొత్తం నవ్వుతున్నట్టు వంపు తిరుగుతుంది. ఎత్తితే ముఖం మాడ్చుకున్నట్టు వస్తుంది. కాబట్టి దించండి, క్లిప్పులు వేయకముందే సగం వైద్యం అయిపోతుంది. "నాలుక అంగిటికి అంటించమ్మా, అలాగే ఉంచు, మింగకు" అని కూడా అంటాడు. పదిహేను సెకన్ల భాగ్యానికి అంత నియమమా!

ఇక అసలు పరీక్ష. పక్కనుంచి తల మొత్తం తీసే ఎక్స్‌రే ఉంది, సెఫలోగ్రామ్. దాని మీద చుక్కలు పెట్టి, గీతలు గీసి, కోణాలు కొలుస్తారు. పుర్రె అడుగున పిట్యూటరీ గ్రంథి కూర్చునే గుంట నడుమ ఒక చుక్క, నుదురూ ముక్కూ కలిసే చోట ఒకటి, పై దవడ నొక్కులో ఒకటి, కింది దవడ నొక్కులో ఇంకొకటి. 1953లో అమెరికాలో స్టైనర్ అనే ఆయన రాసిపెట్టిన లెక్క ప్రకారం పై దవడకి 82, కింది దవడకి 80, రెంటికీ తేడా 2.

మా అమ్మాయికి పై దవడ 81 వచ్చింది. ఒక్క మార్కేగా, సర్దుకుపోదాం అనుకున్నాను. కింది దవడ 75. అయిదు మార్కులు ఎక్కడ పోయాయని అడిగాను. తేడా మాత్రం 2 రావాల్సిన చోట 6 వచ్చిందని డాక్టరమ్మ చెప్పగానే మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మూడింతలు కదా! స్వీట్ల డబ్బా తెప్పించబోతుంటే డాక్టరమ్మ ఆపారు. తేడా పెరగడం మంచిది కాదట, కింది దవడ వెనకబడిందని అర్థమట. పైగా ఆ 82లూ 80లూ అమెరికాలో తెల్లవాళ్ళ ముఖాల లెక్కలట, మన పళ్ళూ పెదాలూ సహజంగానే కొంచెం ముందుకు ఉంటాయి కాబట్టి అవే అంకెలు పట్టుకుని కూర్చోకూడదట. సిలబస్ వేరని ఫెయిలైన ప్రతివాడూ అంటాడు. నేను రీకౌంటింగ్ పెట్టమన్నాను. ఆవిడ ఓపిగ్గా, "ముక్కు మొదట్లో ఎముక కాస్త ముందుకో వెనక్కో ఉన్నా ఈ కోణం మారిపోతుందండీ, అందుకే ఇంకో కొలత కూడా చూశాను" అన్నారు. దాని పేరు విట్స్. జోహన్నెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్‌స్రాండ్ విశ్వవిద్యాలయం పేరు మీద 1975లో వచ్చిందట. అదీ కింది దవడ వెనకే ఉందంది. సప్లిమెంటరీలోనూ పోయిందన్నమాట.

అయినా ఒకసారి తప్పితే రెండోసారి కోచింగ్ ఇవ్వమా? దాని సంగతి చివర్లో చెబుతాను.

ఈలోగా మా బావమరిది కొడుకు సంగతి. పదమూడేళ్ళు నిండినా పై కోరపన్ను దిగలేదు. పాలకోర ఊడలేదు. అసలు పన్ను దవడలో అడ్డంగా పడుకుని ఉందని ఓపీజీలో తేలింది. అది అంగిటివైపు ఉందా, పెదవివైపు ఉందా చూడాలి, చిన్న ఫిల్ములు రెండు తీస్తాను, రెండోదానికి ట్యూబు కాస్త పక్కకి జరుపుతాను అన్నారు డాక్టరుగారు. ఒకే పన్నుకి రెండు ఫొటోలా అని మా బావమరిదిని నేనే లేపి తీసుకొచ్చేశాను. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గర స్తంభాలు వెనక్కి పరిగెడతాయి, దూరపు కొండలు మనతో వస్తాయి, అదే సూత్రం, ట్యూబుతోపాటు జరిగిన పన్ను అంగిటివైపు ఉన్నట్టు, క్లార్క్ అనే ఆయన 1910లోనే చెప్పాడు అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పారాయన. రైలు టికెట్టయినా ఒకటే కొంటాం కదండీ అన్నాను. తర్వాత మావాడు ఇంకోచోట ఏకంగా త్రీడీ స్కానే తీయించాడు. నా సలహా ఏమిటంటే అలాంటిది నెలనెలా తీయించండి, డబ్బుకి తగ్గ బొమ్మ. ఓపీజీకి పడే రేడియేషన్ ఇరవై మైక్రోసీవర్టుల చుట్టుపక్కల, అంటే నేలా ఆకాశమూ మనకి ఊరికే ఇచ్చే మూడు రోజుల మోతాదు. త్రీడీ స్కాన్‌లో మిషన్ని బట్టి, తీసే మేరని బట్టి వందల్లోకి కూడా పోవచ్చు. ఎక్కువ ఇచ్చేవాడి దగ్గరకే కదా ఎవరైనా వెళ్ళేది.

ఇప్పుడు కోచింగ్ సంగతి. ఆరు నెలలకి రెండో సెఫలోగ్రామ్ అడిగారు, మొదట తీసిన మిషన్లోనే తీయించమన్నారు. కరెంటు పోయినప్పుడు గోడ మీద చేతులతో జింకని ఆడించినవాళ్ళందరికీ తెలుసు, దీపం దగ్గరైతే జింక ఏనుగంత అవుతుంది. ఇదీ అంతే. తల నడుమకీ ట్యూబుకీ అయిదడుగులు ఉంచి తీసినా నీడ అసలుకంటే సుమారు పది శాతం పెద్దదిగా పడుతుంది. అందుకే 1931లో క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ప్రతిసారీ తల ఒకే దూరంలో, ఒకే తీరులో ఉండేలా బిగించే ఏర్పాట్లు కనిపెట్టారు. పాపం, వాళ్ళకి డిస్కౌంట్ కూపన్ల గురించి తెలియదు. నేను రెండు వందలు తగ్గించే ఇంకో సెంటరుకి తీసుకెళ్ళాను. దారిలో స్కూటర్ మీదే అమ్మాయికి పాఠం చెప్పాను: "చెవుల్లో కడ్డీలు పెట్టగానే కింది దవడ ముందుకి తోసి పట్టుకో. ఊపిరి బిగబట్టు."

79 వచ్చింది. ఒక్కసారే నాలుగు మార్కులు!

పాత ఫిల్మూ కొత్త ఫిల్మూ కిటికీ అద్దానికి అతికించి ఎండలో చూశాం. గడ్డం ఎముక బెత్తెడు ముందుకొచ్చినట్టే ఉంది. మా వాట్సాప్ గ్రూపులో నలభై ఒక్క చప్పట్లు పడ్డాయి.

డాక్టరమ్మ కొత్త ఫిల్ము లైటు పెట్టె మీద పెట్టి కాసేపు చూశారు. "వెనక పళ్ళు ఒకదాని మీద ఒకటి కూర్చోలేదేంటి?" అన్నారు. అమ్మాయి నావైపు చూసింది. నేను గోడ మీద కేలండర్ వైపు చూశాను. "మామూలుగా నమలమ్మా, అలాగే పట్టుకో" అని ఆవిడ వేలితో పెదవి పక్కకి లాగి చూశారు. కింది దవడ బుద్ధిగా వెనక్కి వెళ్ళి దాని చోట అది కూర్చుంది.

"సరే, పాతది ఇవ్వండి. మెడ ఎముకలు చూస్తే ఎదుగుదల అప్పట్లో ఏ దశలో ఉందో తెలుస్తుంది, ఇంకా వయసుందో లేదో చూద్దాం. నుదుటి ముందు చిన్న స్కేలు పడి ఉంటుంది, దానితో రెండు ఫిల్ముల సైజూ సరిచూసుకోవచ్చు."

ఇచ్చాను. ఆవిడ అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. అందులో మెడా లేదు, స్కేలూ లేదు. లామినేషన్ షాపువాడి దగ్గర ఏ-ఫోర్ సైజు కవరే ఉంది, ముఖం ఒక్కటీ పడితే చాలు కదా అని నేనే దగ్గరుండి కత్తిరించాను.

మీరు వెళ్ళేటప్పుడు పెద్ద కవరు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.