ఫర్మ్‌వేర్‌కు ముహూర్తం

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, బొంతపల్లి... ఈ వరుసలో ఏ ఫ్యాక్టరీకైనా వెళ్లి మెయింటెనెన్స్ వాళ్లను కదిపితే ముందుగా వచ్చే మాట ఒకటే: నడుస్తున్న మిషన్ మీద చెయ్యి వెయ్యొద్దు. నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో ఈ మాటకు ఒక ఫారం కూడా ఉంది. చేంజ్ కంట్రోల్ అంటారు. ల్యాబులో మందును పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్‌కు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయాలంటే అందులో అన్నీ రాయాలి. ఎందుకు వేస్తున్నాం, వేస్తే ఏం మారుతుంది, దానివల్ల ఇంకేం చెడుతుంది, చెడితే పాతదానికి ఎట్లా తిరిగిపోతాం. కింద క్యూసీ సంతకం, క్యూఏ సంతకం, ఐటీ సంతకం. ఆ తర్వాత అంతా సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేసే వ్యాలిడేషన్. అమెరికాకు మందులు పంపేవాళ్ల నెత్తిన 1997 నాటి 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే నియమం ఒకటి కూర్చుని ఉంటుంది. కంప్యూటర్‌లో ఉన్న రికార్డును ఎవరు ముట్టుకున్నారో, ఎప్పుడు ముట్టుకున్నారో జాడ కనపడాలంటుంది. దాని భయానికి మేం మౌస్ కూడా నెమ్మదిగా కదుపుతాం.

మా బామ్మర్దికి ఇట్లాంటి భయాలేవీ లేవు. సంగారెడ్డిలో ఫొటో స్టూడియో. పగలంతా గేట్‌పాసుకూ ఈఎస్ఐ కార్డుకూ పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తాడు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చిన పిల్లలు దుకాణంలో వేలాడే ఒకే కోటును వంతులవారీగా తొడుక్కుని వరసగా ఇంజినీర్లయిపోతుంటారు. లగ్గాల సీజన్ వస్తే మాత్రం మావాడు రాజు. ఆ రాజుగారికి సదాశివపేటలో పెళ్లి ఉన్న ముందురోజు సాయంత్రం ఫోన్‌లో ఒక ముక్క కనపడింది: మీ కెమెరాకు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది.

"బావా, కెమెరాతోని పరేషాన్ అయితున్నది."

"ఏమైంది? ఆన్ అయితలేదా?"

"అయితున్నది."

"ఫోకస్ పట్టుకుంటలేదా?"

"మస్తు పట్టుకుంటున్నది."

"మరి దానికొచ్చిన రోగమేంది?"

"కొత్తది వచ్చిందట బావా! ఎక్కిస్తనంటే ఎక్కించుకుంటలేదు."

ఆరోగ్యంగా ఉన్న మనిషికి మందు మింగుడు పడటం లేదని డాక్టరు దగ్గరికి తెచ్చిన కేసు ఇది. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో ఉద్యోగమంటే చాలు, గోడగడియారం నుంచి ఇన్వర్టర్ దాకా అన్నీ మన శాఖ కిందకే వస్తాయని చుట్టాల నమ్మకం. కందిలో ఐఐటీ ఉంది, అక్కడెవరినైనా అడగరాదూ అంటే "వాళ్లకు పరీక్షలుంటయ్ బావా" అన్నాడు. హైవే మీద లారీల మధ్య నుంచి బండి తోలుకుంటూ ఇస్నాపూర్‌లో మా ఇంటికి వచ్చేశాడు. కెమెరా బ్యాగుతోపాటు వాళ్లక్కకు మిర్చిబజ్జీలు కూడా తెచ్చాడు కాబట్టి కేసు తీసుకోక తప్పలేదు.

ముందు మెమరీ కార్డు తీయించాను. ఇంటర్నెట్‌లో దింపిన ఫైలును చూసుకోకుండా అట్లాగే కార్డులో పడేశాడు. ఆ ఫైలు పేరు చివర బ్రాకెట్లో ఒకటి అనే అంకె. అదే ఫైలు ఒకే ఫోల్డర్‌లో రెండోసారి దిగితే కంప్యూటర్ అట్లా అంకె తగిలిస్తుంది. మనకది అంకె, కెమెరాకు మాత్రం పేరు మారిన అపరిచితుడు. కంపెనీ పెట్టిన పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంటేనే పలుకుతుంది. సరే, పేరు దిద్దాం. ఇక ఫైలును ఎక్కడ పెట్టాడు? ఫొటోలుండే డీసీఐఎం ఫోల్డర్‌లో. ఫర్మ్‌వేర్ ఫైలు ఏ ఫోల్డర్‌లోనూ దూరకుండా కార్డులో మొట్టమొదట, బయటే ఉండాలి. లోపల పెడితే కెమెరా అటువైపు తొంగి కూడా చూడదు.

బయట పెట్టాం. అయినా చూడలేదు.

అసలు ఆ కార్డే సరైనది కాదు. ఫోన్‌లోంచి పీకిన వేలిగోరంత మైక్రో కార్డును అడాప్టర్‌లో దూర్చి తెచ్చాడు. పెళ్లి కార్డులు బ్యాగులో పదిలంగా ఉన్నాయట, వాటిని దీనికి వాడితే అరిగిపోతాయట. ఒక మంచి కార్డు బయటికి తీయించి, కెమెరాలోనే ఫార్మాట్ చేయించి, ఫైలు ఎక్కించబోతే కంప్యూటర్ రాయనంది. కార్డు పక్కన చిన్న లాకు ఉంటుంది చూడండి, అది కిందికి జారి ఉంది. నిజానికి ఆ లాకు లోపల ఏమీ ఉండదు. ఉత్త ప్లాస్టిక్ ముక్క. అది ఏ స్థానంలో ఉందో రీడరు చూసి, రాయాలో వద్దో తీర్మానించుకుంటుంది. దాన్ని పైకి నెట్టి, ఫైలు ఎక్కించి, కార్డు కెమెరాలో పెట్టి మెనూ తెరిస్తే ఫర్మ్‌వేర్ అన్న వరసే లేదు. మావాడి డయల్ పగలూ రాత్రీ ఆటోలోనే ఉంటుంది. ఆటోలో ఉంటే చాలా కెమెరాలు "వీడికివన్నీ ఎందుకు" అని సగం మెనూ దాచేస్తాయి. డయల్‌ను పీ మీదికి తిప్పగానే వరస ప్రత్యక్షమైంది. మావాడు చెంపలేసుకుని రుద్రారం గణేశునికి మొక్కాడు. శ్రమ నాది, కొబ్బరికాయ ఆయనకు.

ఓకే నొక్కితే, బ్యాటరీ చాలదు అంది కెమెరా.

ఇక్కడ కెమెరాదే న్యాయం. ఫర్మ్‌వేర్ అంటే దాని ఫ్లాష్ మెమరీలో కాపురమున్న ప్రోగ్రాము. అప్‌డేట్‌లో పాతదాన్ని చెరిపేసి ఆ జాగాలోనే కొత్తది రాసుకుంటుంది. సగం చెరిపి సగం రాసిన వేళ బ్యాటరీ అయిపోతే ఆన్ కావడం ఎట్లాగో కూడా దానికి గుర్తుండదు. ఇక సర్వీస్ సెంటర్ దాకా ప్రయాణమే. అందుకే బ్యాటరీ నిండా ఉంటే తప్ప మొదలుపెట్టదు. మావాడి బ్యాటరీలో ఒక్క గీత మిగిలింది. ఛార్జింగ్‌కు పెట్టి అన్నాలకు కూర్చున్నాం.

పప్పులో నెయ్యి వేసుకుంటూ అడిగాను, ఇంతకూ ఈ కొత్త వెర్షన్ ఏం చేస్తుందట? వాడు చదవలేదు. ఎవరూ చదవరు. నేనే లాప్‌టాప్‌లో తెరిచి చదివాను. ఒకటి, మావాడి దగ్గర లేని, ఈ జన్మలో కొనని ఒక లెన్సుతో వచ్చే చిక్కు తీర్చారు. రెండు, డచ్ భాష మెనూలో తప్పుపడిన మాటను సరిచేశారు. అంతే.

"అయితే రేపటి పెళ్లికి లాభమేం లేదా?"

"పిల్లగాడిది హాలండ్ అయితే ఉంటది."

"జోగిపేట బావా."

అప్‌డేట్లన్నీ ఇట్లాగే ఉంటాయని నేననను. కెనాన్ 5డీ మార్క్ 2 సంగతే చూడండి. 2008లో వచ్చింది. రాత్రి ఫొటోల్లో వెలిగే బల్బు పక్కన ఒక నల్ల చుక్క పడేది. మన దగ్గరైతే దిష్టిచుక్క అనుకుని వదిలేసేవాళ్లమేమో. వాళ్లు 2009 జనవరిలో అప్‌డేట్ ఇచ్చి తుడిచేశారు. అదే ఏడాది జూన్‌లో, వీడియో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ మన చేతిలో ఉండేట్టు ఇంకొకటి ఇచ్చారు. మొదట్లో ఆ కెమెరా వీడియో సెకనుకు 30 ఫ్రేములే తీసేది. మన కరెంటు 50 హెర్ట్జ్, మన టీవీ 25 ఫ్రేములు. 30లో తీస్తే ట్యూబులైటు కింద మనుషులు మిణుకుమిణుకుమనే ప్రమాదం. 2010 మార్చిలో 24, 25 ఫ్రేములిచ్చే 2.0.3 వచ్చింది. వచ్చీరాగానే దానివల్ల ఆడియో రికార్డింగ్ చెడుతోందని తేలి వెనక్కి తీసుకున్నారు, కొద్దిరోజుల్లోనే 2.0.4 పంపారు. ఆ మరుసటి ఏడాదే రాంగోపాల్ వర్మ చిన్న బృందంతో, కెనాన్ 5డీ కెమెరాలతో, ఐదు రోజుల్లో 'దొంగల ముఠా' తీసేశాడు. సినిమా ఎట్లా ఉందన్నది వేరే సంగతి, దానికి అప్‌డేట్ లేదు. ఒక్క పైసా తీసుకోకుండా, కొన్న కెమెరానే ఇంకో కెమెరాగా మార్చి ఇవ్వడం మాత్రం చిన్న విషయం కాదు.

అడ్డం తిరిగినవీ ఉన్నాయి. 2013లో నికాన్ చిన్న కెమెరాలు కొన్నింటికి కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక, వేరే కంపెనీల చవక బ్యాటరీలు వాటిలో పనిచేయడం మానేశాయి. నిన్నటిదాకా మోసిన బ్యాటరీ ఈ పొద్దు పరాయిదైపోయింది. అందుకే కంపెనీ రాసిన నాలుగు ముక్కలు చదువుకోవాలి, ఎక్కించుకున్నవాళ్లు రెండు వారాలు ఏమంటారో వినాలి. 2.0.3ను మొదటిరోజే ఎక్కించుకున్నవాళ్లను అడిగితే ఇంకా బాగా చెప్తారు.

ఇంత చెప్పినా మావాడు "కొత్తది కొత్తదే బావా" అన్నాడు. బ్యాటరీ నిండింది. ఓకే నొక్కాడు. గీత కదిలింది, సగం దాకా వచ్చి నిలబడింది, తెర నల్లబడింది. మావాడి చెయ్యి బ్యాటరీ మూత మీదికి పోయింది. నేను మణికట్టు పట్టుకున్నాను. "మీద చెయ్యేస్తే సచ్చిపోతది" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఎవరూ?" అంటూ పరుగున వచ్చింది. ముగ్గురం కెమెరా చుట్టూ నిలబడ్డాం. తెర ఇట్లా నల్లబడటం ఆ పనిలో మామూలే, లోపల రాత నడుస్తూనే ఉంటుంది. ఆ ముక్క మావాడికి అప్పుడు చెప్తే వినే స్థితిలో లేడు. కాసేపటికి వెలుగు వచ్చింది, కొత్త నంబరు కనపడింది. వాడి ముఖంలో పెళ్లికళ.

ఆ వెలుగులో, అప్‌డేట్‌తోపాటు సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయి తారీఖు కంపెనీలో పెట్టిన మొదటి రోజుకు పోయిందని తెరమీద వచ్చిన ముక్క వాడు చదవలేదు. చదివే అలవాటుంటే ఈ కథే లేదు. పెళ్లి దివ్యంగా జరిగింది, ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ప్రింటు వేస్తే అన్నింటి మూలనా తారీఖు పడింది. దాని ప్రకారం వీళ్లకు పెళ్లిచూపులకంటే ఎన్నో ఏళ్ల ముందే పెళ్లయింది. పిల్ల తండ్రి రిటైర్డ్ తహసీల్దారు, రికార్డు తప్పుంటే నిద్రపట్టని మనిషి. ఆల్బమ్ మొత్తం మళ్లీ ప్రింటయింది, డబ్బు స్టూడియోదే.

చుట్టపక్కాలకూ, వాళ్ల స్నేహితులకూ, సంగారెడ్డి నుంచి లింగంపల్లి దాకా ఉన్న ఫొటోగ్రాఫర్ సోదరులకూ విన్నపం. మూఢాలున్నాయి, శూన్యమాసముంది, ఎవరింట్లోనూ బాజా మోగని ఆషాఢం ఉంది. కొత్త ఫర్మ్‌వేర్ అప్పుడు ఎక్కించుకోండి. బ్యాటరీ నింపుకుని, ఆ కంపెనీ రాసిన నాలుగు ముక్కలూ చదువుకుని రండి, కాదనను. లగ్గాల నెలలో, అదీ రాత్రిపూట ఫోన్ చేస్తే మాత్రం చేంజ్ కంట్రోల్ ఫారం నింపి, మూడు సంతకాలు పెట్టించుకు రమ్మంటాను.