హలో... చైన్ ఆపుతారా?

ఒక దొంగతనం గురించి బీఎన్‌బీ చైన్ అనే క్రిప్టో వ్యవస్థ వారిచ్చిన వివరణ చదివాక వికేంద్రీకరణ మీద నాకున్న అనుమానాలన్నీ తీరిపోయాయి. 2022 అక్టోబరు 6న ఎవడో చైన్ల మధ్య నాణేలు దాటించే బ్రిడ్జికి కన్నం వేసి 20 లక్షల బీఎన్‌బీ నాణేలు గాల్లోంచి పుట్టించుకున్నాడు. అప్పటి ధరకు దాదాపు 57 కోట్ల డాలర్లు. ఆ తర్వాత చైన్ ఆగింది. ఆపమని, లావాదేవీలను ధ్రువీకరించే వాలిడేటర్లందరినీ అడిగామని క్రిప్టో ఎక్స్ఛేంజీ బైనాన్స్‌కు అప్పటి అధిపతి చాంగ్‌పెంగ్ జావో ట్వీట్ చేశారు. వికేంద్రీకృత చైన్లు ఆపడానికి కట్టినవి కావు గానీ, వాలిడేటర్లను ఒక్కొక్కరినే సంప్రదించి ఆపించామని చైన్ వారు సెలవిచ్చారు. అదీ అంత తేలిక కాలేదట పాపం! పనిలో ఉన్నవారు 26 మంది, మొత్తం 44 మంది, తలో టైమ్ జోన్.

అంటే ఈ రాజ్యానికి రాజు లేడు, మంత్రి లేడు, ఎవరి ఫోన్లోనో కాంటాక్ట్స్ లిస్టు ఉంది. అదే రాజ్యాంగం. అందులో పేరెక్కాలంటే మీ పేరున తాకట్టులో బోలెడు బీఎన్‌బీ ఉండాలి. ‘హలో’ అంటే తీర్మానం ప్రవేశపెట్టినట్టు, ‘ఊఁ’ అంటే నెగ్గినట్టు. మిస్డ్ కాల్ అంటే గైర్హాజరు, ఛార్జింగ్ అయిపోతే తిరుగుబాటు. ప్రతిపక్షం మాత్రం ఒక్కటే, నిద్ర. ఏ దేశంలోనో తెల్లవారుజామున ఫోనెత్తిన ఇల్లాలు ‘ఆయన పడుకున్నారండీ, పొద్దున్నే చేయండి’ అని పెట్టేసి ఉంటే, వికేంద్రీకరణను కాపాడిన ఏకైక మహాతల్లి ఆవిడే అయ్యేది. ఓటింగూ ఉందన్నారండోయ్! కాజేసిన సొమ్మును స్తంభింపజేయాలా వద్దా అని సభ్యులనే అడుగుతామన్నారు. చైన్ ఆపేశాక. తాళి కట్టాక ముహూర్తం చూసినట్టు.

దొంగను ఆపినందుకు నాకేమీ కోపం లేదు. ఆపాల్సిందే. కానీ మామూలు మనిషి పొరపాటున కూడబెట్టిందంతా వేరే చిరునామాకు పంపేసి, ‘అయ్యా, వెనక్కి ఇప్పించండి’ అని ఏడిస్తే ఈ క్రిప్టో లోకం ఏమంటుంది? ఇక్కడెవరూ లేరు, ఉన్నది కోడ్ ఒక్కటే, దాని మీద ఎవరి అధికారమూ చెల్లదంటుంది. నాణేనికే గండం వచ్చిన రాత్రి మాత్రం ఆ ‘ఎవరూ లేరు’ అన్నచోట వాలిడేటర్లు పలికారు! ఆపే చెయ్యి ఉండి కూడా లేదని బొంకుతున్నారు, ఆ మాట నమ్మి జనం డబ్బు పెడుతున్నారు. నా ఒళ్లు మండేది అందుకే. ఆ చెయ్యి రేపు తప్పు చేస్తే ఎవరికి జవాబు చెబుతుంది? ఏ కోర్టు మెట్లెక్కుతుంది? ముందు అది చెప్పండి. స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు తర్వాత ఇద్దురుగాని.