రాయి ఉండగా బ్రేకెందుకు?

మెండోర మండలంలో ఏ ఊరికి పోయినా ఒక పికప్ అన్న ఉంటాడు. పేరుతో పని లేదు, చూస్తే తెలిసిపోతాడు. భుజం మీద తువ్వాల, చెవి సందున బీడీ, సీటు కింద రాయి. బండి కాగితాలు ఇంట్లో మరిచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాడు గానీ రాయి మరిచి మాత్రం గడప దాటడు.

హ్యాండ్‌బ్రేకంటే ఆయనకు నమ్మకం లేదు. "గింత తీగకు గంత బండి ఆగుతదా తమ్మీ? రాయికున్న ఇమానం తీగకుంటదా?" అంటాడు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు దించేటప్పుడు రాయే. పోచంపాడులో గేట్లెత్తారని ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుపోతే అక్కడి ఏటవాలులోనూ రాయే. గోదావరిని ఆపడానికి సర్కారుకు 42 గేట్లు కావలసి వచ్చాయి, నాకొక్కటి చాలు అన్నట్టు అక్కడి శ్రీరాంసాగర్ డ్యాం వైపు చూస్తాడు.

ఇంతటివాడికి గండం దసరాకొచ్చింది. పండుగ ముందురోజు సాయంత్రం చక్రాల సందుసందుకూ పైపు పెట్టి బండిని కడిగాడు. పసుపు పండే ఊరాయె, బొట్టుకు కరువా? స్టీరింగుకు, బానెట్‌కు, ఆఖరికి ఎన్నడూ ముట్టని హ్యాండ్‌బ్రేకు లివరుకు కూడా పెట్టాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన బామ్మర్ది బండిని చెట్టు కిందికి జరిపి, డ్రైవింగ్ స్కూల్లో నేర్పిన ప్రకారం ఆ లివరును కసిగా గుంజి దిగాడు.

తెల్లారి పూజయింది. నిమ్మకాయలు తొక్కించాలి. ఇంజను అరిచింది, బండి వెనకభాగం కుంగింది, నిమ్మకాయలు నవ్వినట్టే ఉన్నాయి.

"ఎవడు గుంజిండురా గా లివరు?"

"నేనే బావా. దించిన గదా!"

దించాడు, నిజమే. కానీ లివరు దిగినంత మాత్రాన చక్రం విడవాలని లేదు. లివరు నుంచి వెనక డ్రమ్ముల దాకా తొడుగులో ఒక తీగ నడుస్తుంది. తీగ గుంజితే బ్రేకు షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, వదిలితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగాలి. తడి డ్రమ్ములో షూలు రాత్రంతా అదిమి ఉంటే తుప్పుతో అతుక్కుంటాయి. తీగే తొడుగులో బిగుసుకుంటే స్ప్రింగుల బలం చాలదు. అన్న బండికి రెండూ వచ్చాయి.

ఇక సలహాలు. ఒకాయన డీజిల్ కొట్టమన్నాడు. ఇంకొకాయన ట్రాక్టర్ కట్టి గుంజమన్నాడు. అట్లా గుంజితే లైనింగ్ ఊడి చేతికొచ్చేది. దిష్టి తగిలిందన్నవాళ్ల సలహా వల్ల నష్టం ఒక నిమ్మకాయే కాబట్టి, వాళ్లే నయం.

ఆర్మూర్ నుంచి మెకానిక్ వచ్చాడు. వచ్చీ రాగానే రాయి అడిగాడు. అన్న ముఖం వెలిగిపోయింది. కానీ రాయి వెళ్లింది ముందు చక్రాల కిందికి, అదీ జాకీ పెట్టేముందు. అంతకన్నా ముందు రివర్సులో కాస్త, మొదటి గేరులో కాస్త ఊపితే ఒక చక్రం టక్కున విడిచింది. రెండోది మొండికేసింది. డ్రమ్ము విప్పి చూస్తే స్ప్రింగు బాగానే ఉంది. తీగ మాత్రం తొడుగులో కదలడం లేదు, తుప్పు.

"ఒక్కనాడన్న ముట్టలేదు, ఎట్ల ఖరాబయింది?" అన్నాడు అన్న.

"ముట్టకనే అయింది అన్నా."

అన్న మాట మార్చి, షూలకు ఇంత గ్రీజు పుయ్యమన్నాడు. మెకానిక్ ఆయన చేతిలోంచి డబ్బా లాగేసుకున్నాడు. లైనింగుకు గ్రీజంటితే బ్రేకు అసలే పట్టదు. తుప్పు తీగకు నూనె పోసినా నాలుగు రోజుల ముచ్చటేనని కొత్త తీగ వేశాడు, రోజూ ఒక్కసారైనా గుంజి వదలమని చెప్పాడు.

అన్న ఇప్పుడు రోజూ గుంజుతున్నాడు, ముందు రాయి పెట్టి. ఏటవాలులో నిలిపినప్పుడు రెండూ ఉండడమే మంచిది గనుక ఈ విషయంలో ఆయనతో పేచీ పెట్టుకోను. మీరు మటుకు అటువైపు వచ్చి ఏ పికప్‌లోనైనా ఎక్కితే, మర్యాదకని లివరు మీద చెయ్యి వెయ్యకండి. ముందు అన్ననడగండి.