కరకట్ట మీది వచనానికి టీకా తాత్పర్యం

మూలం: “మామా! ఆడు పులిహోర కలుపుతున్నాడ్రా, లైట్ తీస్కో.”

అవతారిక: భద్రాచలం, గోదావరి కరకట్ట, పొద్దు వాలే వేళ. ఒకే బండి మీద ముగ్గురు కుర్రాళ్ళు. నాలుగోవాడు అల్లంత దూరాన ఫోను చెవికి ఆనించుకుని, కాలి బొటనవేలితో మెట్టు గీకుతూ, తనలో తానే నవ్వుతున్నాడు. వాణ్ణి చూసి పుట్టిన వచనమిది. కాళిదాసుకు మన మెదకు సీమ కొలచాల మల్లినాథుడు దొరికాడు. వీళ్ళకెవరూ దొరకలేదు గనుక నేను పూనుకున్నాను.

ప్రతిపదార్థం: మామా = ఓయి మిత్రుడా; సంబోధన ప్రథమ. చుట్టరికం వెదకరాదు. ఆడు = వాడు. పులిహోర = ఇక్కడ అన్నం లేదు, చింతపండు లేదు; వాచ్యార్థం పొసగదు కనుక లక్షణ. పులుసూ పసుపూ తాలింపూ మెతుకు మెతుక్కీ పట్టేలా ఓపిగ్గా కలిపినట్టు, ఆడపిల్లతో మాట కలుపుట. రామాలయం పులిహోర తిన్న నోటితోనే ఈ మాట అనగలగడం ఈ ఊరివాళ్ళకు దక్కిన సౌకర్యం. ‘సోపేస్తున్నాడు’ అని పాఠాంతరం ఉంది. సబ్బుకు రుచి లేదు, గ్రహించలేదు.

లైట్ తీస్కో = పట్టించుకోకు. ‘లైట్’ అన్యదేశ్యం, ‘తీస్కో’తో కలిసి మూడో అర్థం ఇచ్చింది కనుక శబ్దపల్లవం. ‘చేపట్టు’ పక్కన పీట వేయవచ్చు.

శంక: ఇదంతా గ్రామ్యం కాదా?

సమాధానం: లక్షణానికి విరుద్ధమైతేనే గ్రామ్యమని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి మతం. వీళ్ళకు లక్షణం ఉంది, అదీ కఠినంగా. ‘మామా’ను ఎక్కడ సాగదీయాలో, ‘రా’ ఎవరికి తగిలించాలో ఒక్క పిసరు తప్పినా పరాయివాడని పసిగడతారు.

విశేషం: అడిగితే చెప్పారు. ఒకడిది ఎటపాక. 2014లో ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది, పక్కనే ఉన్న భద్రాచలం తెలంగాణలో మిగిలింది. ఇంకొకడిది వంతెన అవతల సారపాక. మూడోవాడు ఇంట్లో కోయ మాట్లాడతాడు, గడప దాటగానే ‘మామా’. ఈ ఊరు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఆపైన ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. బోర్డులు రాసేవాళ్ళకు పని తెగలేదు గానీ, ‘మామా’ జోలికి ఏ జీవో రాలేదు.

తాత్పర్యం: “మిత్రమా, అతడు ప్రియభాషణంలో ఉన్నాడు, ఉపేక్షించు.” చప్పగా ఉందంటే ఆ దోషం నాది.

ప్రయోగం: నేర్చిన విద్య కదా అని దగ్గరికెళ్ళి, “ఏం మామా, పులిహోరేనా?” అన్నాను. ముగ్గురూ ఒక్కసారి నిటారుగా కూర్చున్నారు. “అదేం లేదంకుల్” అన్నాడు ముందువాడు. బండి కదిలింది.

అంకుల్ = మామ, అని నిఘంటువు. ఇచ్చట ఆ అర్థం చెల్లదు.