ఎక్స్‌టెన్షన్ బాక్సు కొంటున్నారా? ఆరు అమూల్యమైన చిట్కాలు

సాకెట్టు ఒక మూల, మనకి కరెంటు కావలసింది ఇంకో మూల. ప్రతి ఇంట్లోనూ ఇదే గొడవ కాబట్టి ఎక్స్‌టెన్షన్ బాక్సు తప్పదు. ఎలక్ట్రీషియన్ల బెదిరింపులు పట్టించుకోకుండా ఇలా కొనండి, ఇలా వాడండి.

1. రంగు చూసి కొనండి. వైరు మీద 0.75, 1.5, 2.5 స్క్వేర్ ఎంఎం అని అచ్చేసి ఉండేది లోపలి రాగి మందం. కంటికి కనబడని రాగికి డబ్బులు తగలెయ్యడం ఎందుకు? పైన ప్లాస్టిక్ లావుగా ఉంటే చాలదూ!

2. లెక్కలు వెయ్యకండి. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయట. 2000 వాట్ల గీజరుకి దాదాపు 9. మీ బాక్సులోవి 6 ఆంపియర్ల సాకెట్లు. గీజరు ప్లగ్గుకున్న లావు పిన్నులు వాటిలో పట్టవు. పట్టకపోవడమే హెచ్చరిక అంటారు చాదస్తులు. బజార్లో కన్వర్టరు దొరుకుతుంది, తెచ్చి దోపెయ్యండి.

3. మూడు మీటర్లు సరిపోయే చోటికి ఇరవై మీటర్లు కొనండి. సన్నని 0.75 వైరులో పోయే తీగ, వచ్చే తీగ కలిపి 40 మీటర్లు. గీజరుకి చేరేలోపు 9 వోల్టులు దారిలోనే ఖర్చవుతాయి. అయితేనేం? సుమారు 75 వాట్ల వేడి వైరులోంచే వస్తుంది. చలికాలంలో కాచుకోవచ్చు.

4. మిగిలిన వైరుని చుట్ట చుట్టి తివాచీ కిందికి తోసెయ్యండి. చుట్టలోంచి వేడి బయటికి పోలేక ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అప్పుడు మడతపెట్టడం ఇంకా సులువు.

5. ఎర్తు తీగ దండగ. ఫ్రిజ్జు ఒంటికి కరెంటు పాకితే నేలలోకి పంపడమే దాని పని. ఆ పనికి ఇంట్లో మనుషులున్నారుగా! ప్లగ్గు కూడా అక్కర్లేదు. తీగలు ఒలిచి సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించే విద్య మనకు వచ్చినదే.

6. భారమంతా ఎంసీబీ మీద వేసి నిద్రపోండి. గోడలోని లావు వైరుని కాపాడడానికి పెట్టిన 16 ఆంపియర్ల ఎంసీబీ, 10 ఆంపియర్లకే మీ సన్న వైరు ఉడికిపోతున్నా పడిపోదు. అది పడలేదంటే అంతా క్షేమమే. కాలిన వాసన వస్తే అగరొత్తి వెలిగించండి.

ఇంత చెప్పినా వినని మొండివాళ్లు కొందరుంటారు. అవసరమైనంత పొడవే, మూడు తీగల రాగి వైరే కొంటారు. ఇస్త్రీపెట్టెకి 1.5, అంతకు మించిన బరువుకి 2.5 అంటారు. చుట్ట పూర్తిగా విప్పి వాడతారు. గీజరుని, ఏసీని గోడలోని 16 ఆంపియర్ల సాకెట్టుకే పెడతారు. వాళ్లతో వాదించకండి. వాళ్ల వీధికి ఫైరింజను వచ్చే యోగం లేదు, అంతే.