ఎడమకి వాలిన కారుతో హాయిగా బతకడం ఎలా

కారు ముందు ఎడమ పక్క కిందికి కూర్చుందన్న సంగతి సొంతదారుకి చివర్న తెలుస్తుంది. ముందు కనిపెట్టేది ఎదురింటాయన. "మీ బండి ఓ పక్కకి వాలినట్టుందేవిటండీ" అంటాడు. వెంటనే ఆయన కళ్ళజోడు మార్చి ఎన్నాళ్ళయిందో ఆరా తీయండి. అంతేగానీ చదునైన చోట బండి ఆపి, నాలుగు చక్రాల మధ్య నుంచి పైన ఫెండరు అంచు దాకా టేపు పెట్టి కొలవాలన్న పాడు బుద్ధి పుట్టనివ్వకండి. అలా కొలిస్తే టైర్లో గాలి తక్కువైందన్న సాకు కూడా మిగలదు. 5, 10 మిల్లీమీటర్ల తేడా అయితే కొత్త బండికైనా ఉంటుందిలే అనుకోవచ్చు. 30 తేలితే ఆ రాత్రి నిద్రెలా పడుతుంది?

కొలవనంత కాలం కారణాలకి కొదవ లేదు. మన రోడ్లు మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం. ఎడమ అంచున ఆపితే ఏ కారైనా అటే ఒరుగుతుంది. అది చాలకపోతే, ఎప్పుడూ ఎడమ సీట్లోనే కూర్చునే మావగారున్నారు. మనిషి దిగాక బాగున్న స్ప్రింగు మళ్ళీ లేవాలి కదా అని ఎవరైనా అడిగితే గొంతు తగ్గించి మాట్లాడమనండి. ఆయన లోపలే ఉన్నారు.

వాస్తు ప్రకారం చూస్తే ఇది అసలు లోపమే కాదు. ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలి. కారుని తూర్పు ముఖంగా నిలబెట్టండి, కూర్చున్న ఎడమ ముందు చక్రం సరిగ్గా ఈశాన్యానికి వస్తుంది. పైగా ముందు ఎడమ స్ప్రింగు కూర్చుంటే ఎదురు మూల, అంటే వెనక కుడి పక్క, కొంచెం లేస్తుంది. నైరుతి దానంతటదే ఎత్తవుతుంది! ఒక కోడు అరిగిన మంచం లాంటి వ్యవహారం ఇది. ఆ లెక్కనే, ముందు వాలినట్టు కనిపించే బండికి అసలు జబ్బు ఒక్కోసారి వెనక స్ప్రింగులో ఉంటుంది. ఈ ముక్క మీ మెకానిక్ చెవిన పడనివ్వకండి, నాలుగూ చూద్దామంటాడు.

ఖర్చు పెట్టి తీరాల్సిందే అనుకుంటే షాకబ్జార్లు మార్పించండి. బరువు మోసేది స్ప్రింగు, షాకబ్జారు చేసేదల్లా దాని ఊగులాట ఆపడం. కాబట్టి కొత్తవి వేయించాక కూడా బండి అంతే వాలుగా, కానీ ఎంతో హుందాగా వెళుతుంది. చవగ్గా కావాలంటే కాయిల్ చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు దొరుకుతాయి. అవి రెండు చుట్లని కదలకుండా పట్టేస్తాయి, మిగతా చుట్లు వాటి పని కూడా మోస్తాయి. మన ఆఫీసుల్లో జరుగుతున్నదే.

అంబాసిడర్ నడిచిన రోజుల్లో వెనక కమాను కట్ట కూర్చుంటే విప్పించి, పట్టీలకి సమ్మెటతో మళ్ళీ వంపు కొట్టించేవారు, కావాలంటే ఇంకో పట్టీ కలిపేవారు. ఆ బండి తయారీ 2014లో ఆగిపోయింది గానీ సమ్మెట, గ్యాసు మంట ఇంకా ఉన్నాయి. కుడివైపు ఎత్తుగా ఉన్న కాయిల్‌ని ఎర్రగా కాల్పించండి. స్ప్రింగు స్టీలు బలమంతా దాని టెంపర్‌లో ఉంటుంది, మంట తగిలితే అది పోతుంది. నాలుగు రోజుల్లో అదీ కూలబడుతుంది. రెండు పక్కలా సమానం కావాలని అడిగింది మీరే.

స్ప్రింగులు జతగా మార్చాలని పట్టుబట్టేవాళ్ళని నమ్మకండి. ఎడమది ఒక్కటే కొత్తది వేయిస్తే బండి కుడికి వాలుతుంది, తర్వాత కుడిదీ వేయిద్దురుగాని. ఒకే పనికి రెండు కూలీలు, రెండుసార్లు అలైన్‌మెంటు.

ఇంకో మాట. కాయిల్ కింది చుట్టు కూర్చునే పళ్ళెంలో మట్టీ నీళ్ళూ నిలుస్తాయి. రాళ్ళు తగిలి రంగు లేచిన చోట తుప్పు మొదలై, ఏదో ఒక గుంతలో ఆ కొస కాస్తా విరుగుతుంది. బయటికి ఏమీ కనిపించదు. బండి కొంచెం దిగుతుంది, ఆపి స్టీరింగు తిప్పితే టంగుమంటుంది, అంతే. ఆ టంగు వినిపించినప్పుడల్లా ఎఫ్‌ఎం కాస్త పెంచండి. విరిగిన మొన కొన్ని బళ్ళలో టైరు లోపలి గోడని కోస్తుందంటారు. లోపలి గోడని రోజూ వంగి చూసేదెవరు?

ఇవేవీ పనిచేయకపోతే అమ్మేయండి. బేరానికొచ్చిన వాళ్ళకి బండిని రోడ్డుకి కుడి అంచున నిలబెట్టి చూపించాలి. అక్కడ కుడివైపు పల్లం గనక ఎడమ వాలు సర్దుకుని కారు గీత గీసినట్టుంటుంది. వచ్చినాయన మోకాళ్ళ మీద కూర్చుని చక్రం వెనక టార్చి వేయబోతే మాత్రం, భుజం మీద చెయ్యేసి టీకి లోపలికి తీసుకెళ్ళండి.